అసలు కథలో నీలం తెర

మా మామయ్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చోబెట్టడం, చెవి వెనక నొక్కుతున్న కాడను వేడి చేసి వంచడం ఆయన పని. జనం మాత్రం అద్దాల కోసం సగం, సినిమా కబుర్ల కోసం సగం వస్తారు. నవలను సినిమాగా తీశారంటే చాలు, మొదటి ఆటకు మామయ్య హాజరు. మర్నాటి నుంచి దుకాణంలో తీర్పులు. ఈ పదవి ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు. ప్రతి మాటా “అసలు కథలో” అని మొదలుపెడతాడు కాబట్టి వీధిలో ఆయన పేరే అసలుకథ అయిపోయింది.

ఇలాంటి వాళ్లు మామూలుగా సినిమావాళ్ల మీద దుమ్మెత్తిపోస్తారు. మామయ్య తీరు వేరు. పుస్తకాన్ని ఎంత మార్చినా ఆయన సినిమావాళ్ల పక్షమే. పుస్తకంలోని ముగ్గురు అన్నదమ్ములు సినిమాలో ఒక్కడయ్యారా? “ముగ్గురి ముఖాలు గుర్తుపెట్టుకునే ఓపిక మీకుందా?” వాన పడాల్సిన చోట ఎండ కాసిందా? “కెమెరా తడవదూ?” అప్పటికీ ఎదుటివాళ్లు ఊరుకోకపోతే, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఆఖరి మాట విసురుతాడు. “మార్చినవాడికి ఏదో కావాలండీ. అదేమిటో ముందు కనిపెట్టండి, తర్వాత తిట్టండి.”

ఆయనకు అన్ని నవలలూ ఒక ఎత్తు, వరద నవల ఒక్కటీ ఒక ఎత్తు. దానికి కారణం మా అమ్మ. అమ్మ ఆయనకు అక్క. తల్లిదండ్రులు పోయాక బట్టలు కుట్టి ఆయన్ను పెంచింది. అప్పట్లో ఇంకొకరి దుకాణానికి కూలికి కుట్టేది. సాయంత్రాలు వంటింట్లో ఆమె మిషను తొక్కుతుంటే, పక్కన పీట మీద కూర్చుని మామయ్య గ్రంథాలయం నుంచి తెచ్చిన ఆ నవలను పైకి చదివేవాడు. అందులోనూ ఒక అక్క, ఒక తమ్ముడు. వరదలో పడవ నిండిపోతే, అక్క తమ్ముణ్ణి ఎక్కించి తాను నీళ్లలో ఉండిపోతుంది. కొట్టుకుపోయి ఏదో ఊరి ఒడ్డున తేలుతుంది. పాత కుట్టుమిషనొకటి సంపాదించి, నీలం తెర కట్టి, సొంతంగా దుకాణం పెడుతుంది. ఏళ్ల తర్వాత తమ్ముడు ఆ తెర తొలగించుకుని లోపలికి వస్తాడు.

అమ్మ ఈ కథను విని ఊరుకోలేదు. మా నాన్న పోయిన ఏడాది, సొంత దుకాణం నీవల్ల కాదు, మళ్లీ కూలికి కుట్టుకో అని అందరూ నచ్చజెప్పారు. “నీళ్లలో కొట్టుకుపోయినావిడే పెట్టింది. పొడినేల మీదున్నదాన్ని, నేను పెట్టలేనా?” అంది అమ్మ. పెట్టింది. కొలతలు తీసే మూలకు నీలం తెర కూడా కట్టింది. నా చదువూ మా తిండీ ఆ తెర వెనక నుంచే వచ్చాయి.

ఇన్నేళ్లకు ఆ నవల సినిమాగా వచ్చింది. మామయ్య మొదటి ఆట చూసి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. మర్నాటికి తేరుకుని దుకాణంలో మొదలుపెట్టాడు. “అసలు కథలో అక్క బతుకుతుంది. సినిమాలో చంపేశారు. అయినా తప్పులేదండీ. అక్క ఉన్నంతకాలం తమ్ముడు ఎప్పటికి పెద్దవాడవుతాడు? రెండున్నర గంటల్లో వాణ్ణి పెద్దవాణ్ణి చెయ్యాలిగా!” అమ్మ దగ్గర మాత్రం ఈ తీర్పు చెప్పలేదు. ఆమె సినిమాకు వెళదామన్నప్పుడల్లా టికెట్లు దొరకడం లేదన్నాడు. ఆ అక్క మునిగిపోవడం అమ్మ చూడటం ఆయనకు ఇష్టం లేదు.

నా కళ్లజోడు మర వదులైతే ఒకరోజు మామయ్య దుకాణానికి వెళ్లాను. అక్కడ ఒక టీచరమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని చూసుకుంటోంది. దగ్గరిచూపు ఎలా ఉందో తెలుసుకోవడానికి సంచిలోంచి పుస్తకం తీసింది. అట్ట మీద సినిమా బొమ్మ వేసి కొత్తగా అచ్చేసిన ఆ వరద నవలే.

“అక్క చెయ్యి ఒకసారి నీటిపైన కనిపించింది. మళ్లీ కనిపించలేదు,” అని చదివి, “అక్షరాలు బాగానే ఉన్నాయి బాబూ,” అంది.

“మరి ఒడ్డున తేలుతుందిగా?” అన్నాడు మామయ్య.

“ఎవరు?”

“అక్క.”

“ఆవిడ పోయిందిగా!”

మామయ్య నవ్వేశాడు. “అర్థమైందండీ. సినిమాకు తగ్గట్టు పుస్తకం కూడా మార్చేశారన్నమాట. అయినా తప్పులేదు. సినిమా చూసి పుస్తకం కొన్నవాడు తికమక పడకూడదుగా.”

టీచరమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. “అద్దాలు కావలసింది నాకా, నీకా?” అని వెళ్లిపోయింది. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మర్నాడు తాను చదువుకునే రోజుల్లో కొన్న ప్రతి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

మామయ్య ఆ సాయంత్రమే పుస్తకంతో మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఇంకా దుకాణంలోనే ఉంది. “ఎడమచేతి పేజీ, కింది వైపు. నీలం తెర అక్కడే ఉండాలి,” అంటూ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పాడు. కళ్లజోడు తుడిచి మళ్లీ తిప్పాడు. పుస్తకంలో తెరా లేదు, మిషనూ లేదు. అక్క నీళ్లలోనే పోయింది.

“ఏమే, నీ చిన్నప్పుడు నీకూ చెప్పానుగా. తెర ఉందిగా?”

“నువ్వు చెప్పావు మామయ్యా. నేనైతే చదవలేదు.”

“మరి నేనెక్కడ చదివాను?”

ఆయన అబద్ధమాడటం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పేజీ, పక్క, వరస అన్నీ గుర్తున్నాయి, అవి ఉన్న పుస్తకం మాత్రం లేదు. అప్పుడొకటి తట్టింది.

“మీ పాత ఇంట్లో వంటింటి కిటికీకి నీలం తెర ఉండేదని అమ్మ అంటూ ఉంటుంది.”

మామయ్య పుస్తకం మూసేశాడు. తర్వాత మెల్లగా, “అక్కకు చెప్పకు,” అన్నాడు.

చెప్పకుండా ఉండటం మా చేతుల్లో లేకపోయింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు అమ్మ తనే టికెట్లు తెచ్చింది. “నీకు దొరకవు, నాకు దొరికాయి చూడు,” అని తమ్ముణ్ణి వెక్కిరించింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, చూడబోయేది సొంత మనిషినన్నట్టు హుషారుగా బయలుదేరింది. మామయ్య మా ఇద్దరి మధ్య కూర్చుని కళ్లజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు. అమ్మ ఎవరిని చూసి నిలబడిందో ఆ మనిషే లేదని ఇంకాసేపట్లో తెలిసిపోతుంది. నాకు భయమేసింది.

వరద వచ్చింది. చెయ్యి ఒకసారి పైకి కనిపించి మునిగిపోయింది. అమ్మ కంగారుపడలేదు. తమ్ముడు పెద్దవాడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, ముసలివాడయ్యాడు. లైట్లు వెలిగాయి. జనం లేచారు. అమ్మ లేవలేదు.

“పద అక్కా.”

“ఉండరా. ఆవిడ ఒడ్డుకు రావాలిగా.”

“రాదక్కా.”

“అయ్యో, మార్చేశారా?”

మామయ్యకు అంతకంటే తేలిక దారి ఉండదు. అవునంటే చాలు. జీవితమంతా అన్న మాటే. నేను ఆయన ముఖంలోకి చూశాను.

“వాళ్లు మార్చలేదక్కా. పుస్తకంలోనూ రాదు.”

“మరి తెర?”

“మన వంటింటిది.”

“మిషను?”

“నీదే.”

అమ్మ ఖాళీ తెర మీంచి చూపు తమ్ముడి వైపు తిప్పింది. “మార్చినవాడికి ఏదో కావాలని అందరికీ చెబుతావుగా. నీకేం కావాల్సొచ్చిందిరా?” అంది.

ఎవరికైనా ఠక్కున జవాబిచ్చే మామయ్య తడబడ్డాడు. “నాకూ సరిగ్గా గుర్తు లేదక్కా. పేజీ తిప్పాను, ఆవిడ పోయింది. తలెత్తి చూస్తే నువ్వు సూదిలోకి దారం ఎక్కిస్తున్నావు. ‘తర్వాత?’ అన్నావు. అక్క లేకుండా తర్వాత ఏముంటుందో నాకు తెలియలేదు.”

“అయితే ఆ దుకాణం ఎవరూ పెట్టలేదా?”

“నువ్వు పెట్టావుగా.”

“ఎవరో పెట్టారు కదా అని పెట్టానురా! ఎవరూ పెట్టలేదని తెలిస్తే పెట్టేదాన్నా?”

కోప్పడుతోందో సంబరపడుతోందో మాకు అర్థం కాలేదు. అమ్మకు మాత్రం అర్థమైందో లేదో. ఊడ్చేవాడు కాళ్లు తియ్యమన్నాడు. లేచాం.

బయట మెట్ల మీద ఒకాయన తన భార్యతో, “ఒక్క ముక్క మార్చకుండా తీశాడు, అచ్చం పుస్తకమే,” అంటున్నాడు. మామయ్య తల దించుకుని ఆయన్ను దాటిపోయాడు. అమ్మ మాత్రం ఆగింది.

“కాదండీ,” అంది గట్టిగా. “అసలు కథలో ఆవిడ బతికింది. దుకాణం కూడా పెట్టింది. నమ్మకపోతే రేపు రండి, చూపిస్తాను.”