జ్ఞానరాజు ఎడమ భుజం

పెళ్లికాక ముందే తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేట చీరల కొట్లో చేరిన జ్ఞానరాజుకు ఇప్పుడు మీసం నెరిసింది. ఏ చీరైనా సరే, ఆయన చటుక్కున కుచ్చిళ్లు పోసి, ఎడమ భుజాన పైట వేసుకుని అద్దం ముందు ఒక్కసారి తిరిగితే చాలు, వద్దని లేచినవాళ్లు కూడా మళ్లీ కూర్చునేవారు.

మొన్న వేసవిలో సరిగ్గా ఆ భుజం మీదే అక్కి లేచింది. పొక్కులు ఎండి రాలిపోయాయి గానీ మంట పోలేదు. చొక్కా తగిలినా నిప్పురవ్వ పడ్డట్టే.

"పైకి ఏమీ లేదు కదండీ. ఊరికే అదే తలుచుకుంటే ఎలా?" అంది భార్య యేసుమణి. ఇదంతా తన మనసు చేస్తున్న గారడీయేమోనని ఆయనకూ అనుమానం పట్టుకుంది. పళ్లు బిగించి పనిలోకి పోయాడు.

ఆషాఢం రద్దీలో ఒక పెద్దావిడకు చూపించాలని జరీ చీర భుజాన వేసుకోగానే గావుకేక పెట్టాడు. గుండుసూది గుచ్చుకుందనుకుని ఆవిడ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. తోటి సేల్స్‌మన్ బుచ్చయ్య చీరంతా విప్పి వెతికాడు.

"సూది లేదు, ఏం లేదు. గట్లెందుకు మొత్తుకున్నవ్ అన్నా? జర డాక్టర్‌కు చూపెట్టుకో" అని మర్నాడు తనే బండి మీద పంజాగుట్ట తీసుకుపోయాడు.

నరాల డాక్టర్ సంహిత భుజం మీద దూది ఆనించిందో లేదో, జ్ఞానరాజు కుర్చీలోంచి లేచాడు.

"ఇది మీ ఊహ కాదు రాజుగారూ" అందావిడ. "నొప్పిని మోసే నరంలోకి సోడియం చొరబడితే కరెంటు సిగ్నల్ పుడుతుంది. వెంటనే పొటాషియం బయటికి పోతే నరం చల్లబడుతుంది. అది పోయే దారులే పొటాషియం చానెళ్లు. నరం దెబ్బతింటే అవి తగ్గిపోవచ్చు. అప్పుడు కాస్త తాకినా సిగ్నళ్లు ఆగవు."

"అరటిపండ్లు తింటే పోదా మేడం? అండ్ల పొటాషియం మస్తుంటదంటరు గద" అన్నాడు బుచ్చయ్య.

డాక్టర్ నవ్వింది. "పొటాషియం తక్కువై కాదండీ, అది పోయే దారి తక్కువై."

"అయితే ఆ దారులు తెరిచే మందు రాయండమ్మా" అన్నాడు జ్ఞానరాజు.

"దాని మీద పరిశోధన సాగుతోంది. ఈలోగా నరాన్ని నెమ్మదింపజేసే వేరే మందులున్నాయి. ఓపిక పట్టాలి."

ఇంటికెళ్లి ఈ మాట చెప్పాడు. యేసుమణి మెత్తటి మల్లు గుడ్డ తీసి, ఆయన చొక్కాలకు లోపల అస్తరు కుట్టడానికి కూర్చుంది. కొట్లో ఆయన పైటను కుడి భుజానికి మార్చేశాడు. ఇదేం కట్టు అని అడిగినవాళ్లకు "గుజరాతీ కట్టమ్మా, ఇప్పుడిదే నడుస్తోంది" అనేవాడు.

క్రిస్మస్ నాటికి మంట చాలావరకు చల్లారింది. ఎవరైనా ఒంట్లో ఏదో నొప్పి అంటే చాలు, జ్ఞానరాజు చేతిలో చీర పక్కన పెట్టి, పొటాషియం గురించి మొదలుపెడుతున్నాడు.