ఐదు గంటల దూరం

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధం నా గుండెల మీద బండలా ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అర్ధవీడు దగ్గర ఊరు. పక్కింట్లో వరుసకు పిన్ని ఒకామె ఉండేది. ముప్పై గొర్రెలు, ఒక్కతే కూతురు. ఆ అక్క కువైట్‌లో ఇంటిపని చేసేది. పిన్నికి ఫోన్ లేదు. శుక్రవారం శుక్రవారం అక్క నా ఫోన్‌కు చేస్తే, మా అరుగు మీద కూర్చుని మాట్లాడేది. ఫోన్‌ను చెవి దగ్గర కాకుండా నోటి ముందు పట్టుకుని, దొడ్లో గొర్రెల్ని అదిలించినట్టే గట్టిగా అరిచేది. ఆ అరుపు మళ్ళీ ఒక్కసారి వినాలనిపిస్తుంది.

ఒకరోజు అడిగింది.

"కువైట్ ఎంత దూరం రా?"

"హైదరాబాదు నుంచి మూడువేల మూడొందల కిలోమీటర్లు పిన్నీ."

"అట్ల చెప్తే నాకేం తెలుస్తాది? గొర్రెల్ని తోలుకొని పోతే ఎన్నాళ్ళు?"

మంద మేసుకుంటూ రోజుకు పది కిలోమీటర్లు నడుస్తుంది. లెక్కేసి, పదకొండు నెలలన్నాను.

"అయితే దోవలోనే రెండు ఈతలు ఈనుతాయి" అని పకపకా నవ్వింది. విమానానికి ఐదు గంటలే అంటే మాత్రం నమ్మలేదు. ఆ పదకొండు నెలల మాట ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ ఎండాకాలం పిన్నికి గుండెలో నొప్పి మొదలైంది. మార్కాపురం తీసుకుపోయి చూపించమని అక్క నాకు అప్పజెప్పింది. రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు జరిపాను. ఎందుకు? బద్ధకం. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో, దొరకలేదు. అక్క అడిగితే, చూపించాను, గ్యాస్ నొప్పేనట అన్నాను.

ఒకరోజు తెల్లారి పిన్ని లేవలేదు. ఫోన్ చేస్తే అక్క ఏడుస్తూనే చెప్పింది. మధ్యాహ్నం విమానం ఉందని, రేపు పొద్దునకల్లా ఊళ్ళో ఉంటానని, అమ్మను అంతవరకు ఉంచమని. వస్తే డాక్టరు చీటీ చూపించమంటుంది. శవం పక్కన నిలబడి నేను ఆలోచించింది అదొక్కటే. ఏం మనిషిని నేను?

పిన్ని తమ్ముడు, మా మామ, వాకిట్లోకి వచ్చినాడు.

"కంభం నుంచి ఐసు పెట్టె తెప్పిస్తా. పాప ఎప్పటికి వస్తాదంట?"

"విమానంలోనే రెండు రోజులు పడుతుంది మామా."

ఎవరూ అనుమానించలేదు. పదకొండు నెలల దోవకు రెండు రోజులంటే వాళ్ళకు తక్కువే అనిపించింది. ఐసు పెట్టెలో ఒక రాత్రికి మించి ఆగదని, ఎండకు భయపడి, పొద్దు వాలకముందే పూడ్చారు. అక్క విమానం ఎక్కకముందే ఫోన్ చేసి, మామ ఆగనంటున్నాడని చెప్పాను. ఇంకెవరి కోసం రావాలి అని తను అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు అక్క తిరిగొచ్చి గిద్దలూరులో ఇల్లు కట్టుకుంది. మామ ఎదురైతే మొహం తిప్పుకుని పోతుంది. ఆయన నన్నడుగుతాడు.

"అంత ఎండలో రెండు రోజులు ఎట్ల పెట్టుకుంటాం రా? నువ్వన్నా చెప్పు దానికి."

చెప్తాలే మామా అంటాను. ప్రతిసారీ అదే మాట. రేపు చెప్తానా? తెలియదు. మీకు చెప్పాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

విమానం ఐదు గంటలే. మామ ఆగేవాడే.