కెంచార్లహళ్ళి బస్సుకు పైసభలో దొరికిన చోటు

మూడేళ్ళ కిందటి వానాకాలపు సమావేశాల నాటికి నేను రాష్ట్ర పైసభ సచివాలయంలో డిప్యూటీ సెక్రటరీని. మాది బాగేపల్లి. సభలో ఏ రోజు ఏ బిల్లు, ఏ చర్చ, దేని తర్వాత ఏది అన్న కార్యక్రమ పట్టిక తయారుచేయడం నా పని. నిజానికి తేల్చేది అన్ని పార్టీల పెద్దలూ ఉండే సలహా సమితి. అక్కడ జీడిపప్పు నములుతూ అందరూ అన్నిటికీ తలూపుతారు. సభలోకి రాగానే అదే పెద్దలు, ఈ పట్టిక ఎవరు రాశారని బల్లలు గుద్దుతారు. ఎవరో కాదు మహాప్రభో, తమరే! కానీ ఆ మాట అనే హక్కు మాకు లేదు. సభాపతి పీఠం కింద బల్ల దగ్గర నోరు కట్టేసుకుని కూర్చోవడమే అధికారుల మర్యాద.

ఆ సమావేశాల్లో మా చింతామణి వైపు ప్రతిపక్ష సభ్యుడొకాయన సావధాన తీర్మానానికి నోటీసిచ్చాడు. అంటే, ఒక సమస్యను మంత్రి దృష్టికి తెచ్చి, సభలోనే జవాబు రాబట్టడం. మంత్రి సభలో నిలబడి ‘చేస్తాం’ అంటే అది హామీ, దాన్ని వెంటాడటానికి వేరే సమితి ఉంది. వరండాలో వందసార్లు అన్నా అది గాలి మాటే.

సమస్య కెంచార్లహళ్ళి పొద్దుటి బస్సు. అది ఆగిపోయాక ఆ ఊరి రత్నమ్మ అనే ఆమె కూతురు భార్గవి చింతామణి కాలేజీకి వేళకు చేరలేకపోతోంది. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఈ సమావేశాలయ్యే లోపల బస్సు రాకుంటే చదువు చాలించమని తండ్రి ఖచ్చితంగా చెప్పేశాడు. సభ్యుడే పాసు ఇప్పిస్తే రత్నమ్మ ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చోవడానికి వచ్చి, వరండాలో నన్ను పట్టుకుంది.

“ఏమప్పా, నువ్వు బాగేపల్లోడివంట కదా. మా పాప బస్సు మాట ఈపొద్దన్నా వస్తాదా?”

ఆ అంశం రోజూ పట్టిక చివర్లో ఉండేది, రోజూ అక్కడిదాకా రాకముందే సభ వాయిదా పడేది. సభాసమయం వృథా అవుతోందన్న చర్చకే ఒక రోజంతా పోయింది. మరునాటితో సమావేశాలు ముగింపు. అందుకే సమితిలో చెప్పి ఒప్పించి, దాన్ని మధ్యాహ్నం బిల్లు వెనకే పెట్టించాను. మంత్రి ఒప్పుకోబోతున్నారని ఆయన కార్యదర్శి కూడా నాతో చెప్పారు. “వస్తాదమ్మా, చూస్తా ఉండు,” అన్నాను.

బిల్లు మీద మాట్లాడటానికి ప్రతిపక్షంలో చాలామంది పేర్లిచ్చారు. చర్చ మొదలు కాకుండానే, ప్రజాసమస్యలకు సమయం ఇవ్వడం లేదంటూ అందరూ లేచి బయటికి నడిచారు. అందరికన్నా ముందు నడిచింది మా సభ్యుడే. ఆహా, ఏం పౌరుషం! మాట్లాడేవాళ్ళే లేకపోవడంతో బిల్లు అప్పటికప్పుడు గట్టెక్కింది. సభాపతి తర్వాతి అంశం చూసి మా సభ్యుడి పేరు పిలిచారు. మంత్రి కాగితాలు సర్దుకుని లేవడానికి సిద్ధమయ్యారు.

నేను బంట్రోతును పరుగెత్తించాను. సభ్యుడు మెట్ల మీద కెమెరాల ముందు ఉన్నాడు. కెంచార్లహళ్ళి ఆడపిల్లల బస్సు గురించి మాట్లాడటానికి తనకు సభలో చోటే ఇవ్వడం లేదని గొంతు చించుకుంటున్నాడట. “రెండు నిమిషాలు ఆగమను, లైవ్‌లో ఉండాను,” అని కబురంపాడు. సభాపతి మళ్ళీ పిలిచారు. ఆయన తరఫున మాట్లాడటానికి స్నేహితులెవరూ లోపల లేరు. సభ్యుడు గైర్హాజరు, అంశం రద్దు. మంత్రి కాగితాలు ఫైల్లో పెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కాని తల వంచుకుని తర్వాతి అంశం అందించాను.

బయట రత్నమ్మ నిలదీసింది. “పిలిచిరి కదప్పా! నువ్వు ఆడే కూచోనుండావు. మా పాపకు బస్సు కావల్లని ఒక మాట అనేకి ఏమాయ?”

అధికారులు సభలో మాట్లాడకూడదని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “అట్లయితే మాట్లాడేవాళ్ళు బయట, మాట్లాడకూడనోళ్ళు లోపల కూచోనుండారా?” అంది. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో సభా నియమావళిని ఇంత క్లుప్తంగా ఎవరూ నాకు వివరించలేదు.

మరునాడు సభ ముగిసింది. మిగిలిన నోటీసులన్నీ నియమం ప్రకారం రద్దయ్యాయి. భార్గవి కాలేజీ మానేసి జంగమకోటెలో మేనత్త ఇంట పట్టుపురుగుల పనిలో చేరింది.

తర్వాతి సమావేశాల్లో సభ్యుడు అదే నోటీసు మళ్ళీ ఇచ్చాడు, ఈసారి కుర్చీ వదలకుండా కూర్చున్నాడు. మంత్రి జవాబు చదివారు: విచారణ జరిపించామని, పొద్దుటి బస్సుకు కెంచార్లహళ్ళి నుంచి కాలేజీకి వెళ్ళే విద్యార్థిని ఎవరూ లేరని, కనుక బస్సు అవసరం కనబడటం లేదని. సభ్యుడు లేచి, వివరమైన సమాధానానికి మంత్రిగారికి ధన్యవాదాలు చెప్పాడు.

రిటైరయ్యేలోపు ఆ పనిలోకి వచ్చిన కొత్తవాళ్ళకు నేను నేర్పింది ఒక్కటే. అంశాన్ని పైకి జరిపితే సగం పనే అయినట్టు. దాన్ని పిలిచే ముందు ఆ సభ్యుడి కుర్చీ వైపు చూడాలి. ఆయన లేవబోతున్నట్టుంటే, ముందు తలుపులు వేయించాలి.