స్నో సీసా మీదున్న నా చేతిని ప్రభువు ఆపిన విధము

మూడు వారాలపాటు నా మనుమరాలు కరుణ కళ్ళు పూర్తిగా తెరవలేకపోయింది, సహోదరులారా! ఏడేళ్ల పిల్ల, చెంపలు ఎర్రబడి, పొక్కులు లేచి, నీరు కారి, రెప్పలు ఉబ్బి మూసుకుపోతుంటే, ఆ ముఖం చూసి నేనెంత ఏడ్చానో నా ప్రభువుకు తెలుసు. నేను మాదాపూర్ గ్రామపు రాహేలమ్మను, మూడో తరగతితో చదువు ఆగినదాన్ని, తప్పులుంటే మన్నించండి, కానీ జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేను దేన్నీ పారేయను. చినిగిన చీర బొంత కావాలి, అరిగిన సబ్బు ముక్క కొత్త సబ్బుకు అతకాలి, మా ఇంట్లో అది చట్టం. పట్నంలో నేను వంట చేసిన ఇంటి దొరసాని ఊరు వదిలి వెళ్తూ ముఖానికి పూసుకునే స్నో సీసా ఒకటి నాకిచ్చింది, దాన్ని ట్రంకు పెట్టెలో నాలుగేళ్లు దాచాను, ఈ చలికాలం పిల్ల చెంపలు పగిలితే తీసి చూద్దును గదా, రంగు మారలేదు, వాసన మారలేదు, బూజు పట్టలేదు! ఇన్నేళ్లు చెడని వస్తువు ఎంత మంచిదోనని మురిసిపోయి పిల్లకు పూశాను.

వారం తిరగకముందే పొక్కులు లేచాయి. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు, అమ్మవారు అన్నారు, తాయెత్తు కట్టమన్నారు, నాకు నా దేవుడున్నాడు అన్నాను. ఆ మాట నిజమే, కానీ నేను చేసిందేమిటి? రోజూ సాయంత్రం పిల్లను ముందు కూర్చోబెట్టుకుని "ప్రభువా, ఈ బిడ్డ ముఖాన్ని ముట్టి స్వస్థపరచు" అని మొరపెట్టి, ఆమేన్ అనగానే అదే స్నో ఇంకా మందంగా పూసేదాన్ని!

మా కోడలు సుగుణ ఒకనాడు తెగించి అంది:

"అత్తమ్మా, జర గా స్నో బంద్ పెట్టుండ్రి. పూసినప్పుడల్ల మొఖం మండుతున్నదంటున్నది పిల్ల."

"నీకేమెరుకనే? దొరసాని పూసుకున్నది నీ బిడ్డకు పడదా? సీసల ఇంక సగమున్నది, ఏడ పారబొయ్యాలె?"

ఆమెను కసిరి పంపేశాను. ప్రభువు మాత్రం ఊరుకోలేదు. మరుసటి సాయంత్రం పిల్లనే ప్రార్థించమన్నాను. ఉబ్బిన కళ్ళతో చేతులు జోడించి అది ఇలా ప్రార్థించింది: "యేసయ్యా, నా మొఖం మంచిగ కాకున్నా మంచిదే, మా నాయినమ్మ స్నో పూయకుంట చెయ్యి. ఆమేన్."

సీసా మూత అప్పటికే నా చేతిలో ఉంది! ఆ చేయి అక్కడే ఆగిపోయింది.

తెల్లవారగానే పిల్ల చేయి పట్టుకుని బండల మధ్య బాట వెంట నడిచి, బస్సెక్కి పట్నంలోని మిషన్ దవాఖానకు వెళ్లాను. ఏం పూశావని డాక్టరమ్మ అడిగితే సీసా చూపించి "నాలుగేండ్లయినా చెడలేదమ్మా" అన్నాను, అప్పటికీ నా గొప్ప నాదే!

"చెడకుండా ఉండాలనే అందులో మందు కలుపుతారు పెద్దమ్మా. అందరికీ ఏమీ కాదు, కొందరి చర్మానికి పడదు. ఈ పిల్లకు పడనిది అదే కావచ్చు, వాసనకు కలిపింది కావచ్చు, ముందు పూయడం ఆపండి" అని, పుండ్లకు మందు ఇచ్చింది.

ఇంటికి వచ్చాక సాతాను నా చెవిలో "పిల్లకు వద్దులే, నీ కాళ్ల పగుళ్లకు పూసుకో, పారేయకు" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ సీసా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను! చివరికి లేచి, గుంట తవ్వి, స్నో అంతా అందులో వేసి మట్టి కప్పి, కోడలు చూస్తుండగా సీసాను బండకేసి కొట్టాను.

"తప్పు నాదేనే సుగుణా. కన్నతల్లివి, నువ్వు చెప్పినప్పుడే వినకపోతి."

"సీస గూడ పలగ్గొట్టిండ్రా అత్తమ్మా! ఇగ పిల్లకు నయమైనట్టే!"

నాలుగో రోజుకు వాపు తగ్గింది, నెల తిరిగేసరికి కొత్త చర్మం వచ్చింది, మొన్న ఆదివారం మా కరుణ మందిరంలో అందరి ముందు నిలబడి రెండు కళ్ళూ బాగా తెరిచి కీర్తన పాడింది. దేవునికే మహిమ!

సహోదరీ, ప్రార్థనకు జవాబు రాలేదని ఏడుస్తున్నావా? ప్రార్థన ఆపకు, కానీ ఆమేన్ అన్నాక నీ చేయి ఎటు పోతోందో చూసుకో, పిల్లలు మండుతోందంటే విను, దవాఖానకు నడువు. మా ఇంట్లో నేటికీ సబ్బు ముక్క పారేయము. కానీ పిల్ల ప్రార్థించేటప్పుడు మాత్రం నా రెండు చేతులూ ఖాళీగా ఒడిలో పెట్టుకుని వింటున్నాను. ఇంత మొండి ముసలిదాని చేతిని ఆపగలిగిన దేవుడు మీ చేతిని పట్టుకోలేడా? ఆయనకు అందించండి.