దుషిక్ అమ్మ రెండోసారి పోయిన కబురు

కొరియాలోని గున్సాన్ ఊళ్లో క్వాక్ దుషిక్ అంటే బస్సు డ్రైవరుగా కన్నా చావు కబుర్ల దుషిక్‌గానే ఎక్కువమందికి తెలుసు. చిన్నప్పటి బడి స్నేహితుల సంఘానికి పద్దెనిమిదేళ్లుగా కార్యదర్శి. ఎవరింట్లో పెద్దవాళ్లు పోయినా అందరికీ అతని ఫోన్ నుంచే తెలియాలి.

మార్చిలో ఒకరోజు పాల్బోక్ అనే స్నేహితుడి నంబరు నుంచి మెసేజి వచ్చింది. "నాన్నగారు కాలం చేశారు. వివరాలకు కింద నొక్కండి." ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా అంటారా? ఎలా అడుగుతాడండీ? తండ్రి పోయినవాణ్ణి "నిజంగానే పోయాడా" అని అడిగే మొహం ఎవరికుంటుంది? నొక్కాడు. అది దొంగలు పంపిన లింకు; కొంప మునిగింది.

మధ్యాహ్నానికల్లా అతని ఫోన్ లోంచి రెండొందలమందికి "మా అమ్మ పోయింది, కింద నొక్కండి" అని వెళ్లిపోయింది. తొంభై ఒక్కేళ్ల ఆ అమ్మ గంజి తాగుతూ "ఎవర్రా పోయింది?" అంది.

"నువ్వేనే అమ్మా!"

ఆవిడ పడీ పడీ నవ్వింది.

సంఘంలోనే ఉన్న చేపలమ్మే జోమ్నే మాత్రం నవ్వలేదు. పాపం, నొక్కింది. తర్వాత బ్యాంకువాడినంటూ ఎవడో, తన ఉద్యోగం పోతుందని ఫోన్లో ఏడ్చి బతిమాలి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. "నీ పేరు చూసే నొక్కానురా, దరిద్రుడా!" అని బజార్లో అందరి ముందూ తిట్టిపోసింది. ఆ వారంలోనే సంఘమంతా అతని నంబరును బ్లాక్ చేసేసింది.

నవంబరులో అమ్మ నిజంగానే పోయింది.

అక్కడి ఆనవాయితీ ప్రకారం శవపేటిక మొయ్యడానికి ఆరుగురు స్నేహితులు రావాలి. దుషిక్ తన చేతులతో ఎన్ని పేటికలు మోశాడో! ఇప్పుడు అమ్మను మోసేవాళ్లు కావాలి. అందరికీ మెసేజి పెట్టి రెండు రోజులు గడిచాయి, ఒక్కడూ రాలేదు. దుషిక్ తన భార్య మల్సున్ ఫోన్ నుంచి జోమ్నేకి చేశాడు.

"జోమ్నే, నేనే, దుషిక్‌ని. అమ్మ పోయిందే."

"మీ అమ్మ ఎన్నిసార్లు పోతుందిరా? అమ్మ దొంగల్లారా, గొంతు కూడా అచ్చం దించేశారే!"

అతను భోరుమన్నాడు.

"ఏడుపు కూడానా! పోయినసారి మీవాడూ ఇలాగే ఏడ్చాడు." ఫోన్ పెట్టేసింది.

"ఏవండీ, నేను వెళ్లి పిలుచుకొస్తాను," అంది మల్సున్.

"వద్దు. చావుకు రమ్మని గడపగడపా తిరిగి అడుక్కుంటామా?"

మూడోరోజు పొద్దున, అమ్మను ఉంచిన అంత్యక్రియల హాలువాళ్లు కూలికి పిలిపించిన ఆరుగురు తెల్ల గ్లవుజులు తొడుక్కుని పేటిక ఎత్తారు. వాళ్లలో ఓ నడివయసు మనిషి ఉండబట్టలేక అడిగాడు.

"మీకు స్నేహితులెవరూ లేరా అండీ?"

"ఎందుకు లేరు, చాలామంది ఉన్నారు," అన్నాడు దుషిక్. "అందరూ జాగ్రత్తగా ఉన్నారు."