ఫోల్కెర్ట్ చూపిన చోటు

జర్మనీ ఉత్తర తీరంలోని గ్రేట్‌జీల్ రేవులో రొయ్యల పడవలు నడిపినవాళ్లలో ఫోల్కెర్ట్ అంత తక్కువగా మాట్లాడే మనిషి లేడు. డెబ్బై దాటాయి. అతని అన్న రీమ్ట్ పోయి నలభై ఏళ్లు. వలలో చిక్కిన యుద్ధకాలం నాటి బాంబు పడవ మీదే పేలింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోల్కెర్ట్ వదిన హిల్కె ఇంటికి వెళ్లి, టీ తాగి, కట్టెలు కొట్టిపెట్టి వచ్చేవాడు.

ఆ ఏడు సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికి ఒక కంపెనీ వచ్చింది. స్తంభాలు దించేముందు అడుగున పడివున్న బాంబులు ఏరెయ్యాలి. ఇమ్కె అనే ఇంజనీరమ్మాయి పటం తీసుకుని పాత జాలర్ల దగ్గరకు వచ్చింది.

"వలలో బాంబు వస్తే ఏంచేసేవారు, పెద్దాయనా?"

"మళ్లీ నీళ్లలోకి తోసేసేవాళ్లం. పోలీసులకు చెబితే పడవని రెండ్రోజులు కట్టేసేవాళ్లు. రొయ్యలు కుళ్లిపోయేవి."

"ఎక్కడ తోసేవారు?"

ఎవరూ వల వెయ్యని చోట, మునిగిన ఓడ పక్కన. పటం మీద అక్కడ వేలు పెట్టాడు ఫోల్కెర్ట్. తర్వాత ఆ వేలు మెల్లగా కిందికి జరిగి ఇంకోచోట ఆగింది.

"ఒకటి ఇక్కడ. గాలివాన వస్తోందని ఓడదాకా పోలేదు. దానికోసం వెతక్కమ్మా. అదిప్పుడు లేదు."

నలభై ఏళ్ల కిందట అతను దాన్ని తోసేసిన తొమ్మిదో రోజున రీమ్ట్ వల లాగింది అక్కడే.

ఇమ్కెకు పటం చూపిన సాయంత్రమే ఫోల్కెర్ట్ వెళ్లి హిల్కెతో అంతా చెప్పాడు. ఆమె టీ కప్పు కింద పెట్టింది.

"మీ అన్నకి చెప్పలేదా?"

"చెబుదామనుకున్నా వదినా. మర్చిపోయా."

"మర్చిపోయావా."

"ఔను."

"నాకింత మంచి మరిదిని ఇచ్చాడని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఫోల్కెర్ట్. ఇంక రాకు."

అతను వెళ్లడం మానేశాడు. ఓడ పక్కన పదకొండు బాంబులు దొరికాయి. వాటిని పేల్చినన్నాళ్లూ చేపల పడవలు అటు రాకుండా కాపలా పడవ మీద నిలబడ్డాడు. ఒక్కొక్కటి పేలినప్పుడల్లా కాళ్లకింద చెక్క అదిరేది. కళ్లు మూసుకునేవాడు.

పని ముగిశాక హిల్కె ఇమ్కెతో కబురు పంపింది: రీమ్ట్ పోయిన చోటు ఒకసారి చూడాలని.

ఫోల్కెర్టే తీసుకెళ్లాడు. దారిపొడుగునా ఆమె అతనికి వీపు తిప్పి కూర్చుంది. అక్కడ ఇంజను ఆపాడు. చూడ్డానికి ఏమీ లేదు, బూడిదరంగు నీళ్లు తప్ప.

"ఇక్కడేనా?" అంది.

"ఇక్కడే."

వంగి చెయ్యి నీళ్లలో పెట్టింది. వేళ్లు కొంకర్లు పోయేదాకా తీయలేదు.

రేవులో దిగేటప్పుడు అతను చెయ్యి అందిస్తే పట్టుకుంది. మెట్లెక్కాక వదిలేసింది. ఇంటికి రమ్మనలేదు.