గడప పసుపూ, పామర్రు పిన్నిగారి రవ్వలూ

ఆ రోజుల్లో మా బెజవాడలో రవ్వలంటే తెల్లగా ఉండాలి, అంతే. కాస్త పసుపు ఛాయ కనిపిస్తే పెదవి విరిచేవారు. అలాంటిది, పసుపురంగు వజ్రాన్ని కోరి కొనుక్కునేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని మొదటిసారి విన్నప్పుడు నేను నిర్ఘాంతపోయాను. తొంభైల చివరి మాట ఇది. తొమ్మిదో తరగతిలో జబ్బుచేసి బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదువంతా ఇంట్లోనే సాగింది. నాన్న లెక్కలు చెబితే, విడిరాళ్ళ వ్యాపారం చేసే పెదనాన్న వజ్రాలు చెప్పాడు. (ఏ కాలేజీలోనూ దొరకని చదువు మా మేడమీదే దొరికింది. అందుకు ఆ భగవంతుడికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.)

పెదనాన్నకి దుకాణం అంటూ లేదు. సత్యనారాయణపురంలో మా ఇంటి మేడమీద ఉత్తరపు కిటికీ, దాని పక్కన ఒక బల్ల, అంతే. ఎండ నేరుగా పడని ఆ వెలుగులో తెల్లకాగితం మడిచి, మడతలో రాయిని బోర్లించి, పక్కనుంచి చూడాలి. పైనుంచి చూస్తే మెరుపు కళ్ళు కప్పేస్తుంది, రంగు తెలియదు. రంగుకి ఇంగ్లీషు అక్షరాలు గుర్తు. డి అంటే నీళ్ళలా స్వచ్ఛం. అక్కణ్ణించి జెడ్ దాకా దిగేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది, విలువ తరుగుతుంది. "మరి ఏ, బి, సి ఏమయ్యాయి పెదనాన్నా?" అంటే, "మనకంటే ముందే ఎవరో కొనుక్కుపోయుంటార్లే అమ్మడూ" అన్నాడు. అసలు వింత జెడ్ దాటాక ఉంది. ఆ పసుపే ఇంకా చిక్కబడి, రాయంతా నిండి, పండిన నిమ్మకాయలా కనిపించిందంటే దాని దశ తిరిగినట్టే. ఫ్యాన్సీ అని కొత్తపేరు పెట్టి తెల్లదానికి మించి నెత్తిన పెట్టుకుంటారు. కొంచెం పసుపైతే లోపం, మరీ పసుపైతే వైభవం! ఇదేం న్యాయమని ఓ వారం విస్తుపోయి, ఆ తర్వాత ఇక నాకు తెలియనిది లేదన్న ధీమాలో పడ్డాను.

ఆ ధీమా మీదికే వచ్చింది పామర్రు పిన్నిగారు. చుట్టరికమేం లేదు, పెదనాన్నకి పాత బేరం. "మా తోడికోడలికి ఏడురాళ్ళ తెల్లదుద్దులున్నాయండీ. నాకు దానికి లేనివి కావాలి. చెవికొక్క పసుపు రాయి చాలు. చూసిన రోజున దానికి అన్నం సయించకూడదు" అంది. పెదనాన్న నవ్వి, "పసుపురాయికి వెనకాల బంగారం గిన్నె కట్టిస్తే రంగు ఇంకా పండుద్దమ్మా. జత కలపడమే కష్టం. ఒక చెవికి నిమ్మపండూ, ఒక చెవికి మజ్జిగా కాకూడదుగా" అన్నాడు. అయిదు రాళ్ళు తెప్పించాడు. ఆవిడ వస్తానన్న రోజుకి తనకి సూరత్ ప్రయాణం పడింది. "నువ్వే ఏరిపెట్టమ్మడూ" అని నా నెత్తిన చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి బరువు నాకప్పుడు తెలియలేదు, గర్వం ఒక్కటే తెలిసింది.

ఆ రోజు శుక్రవారం. పసుపులో నాలుగు చుక్కలు నూనె వేసి గడపకి రాయడం మా ఇంటి ఆనవాయితీ. సగం గడప అయ్యేసరికే ఆవిడ మొదటి బస్సుకి దిగిపోయింది. చేతులు కొంగుకి తుడుచుకుని మేడమీదికి పరిగెత్తాను. అయిదింటిలో ఒకటి నిజంగా నిమ్మపండే. తక్కిన నాలుగూ వెలవెలబోతున్నాయి. ఏం చేయాలా అనుకుంటుండగా అందులో ఒకటి మడతలోంచి జారి బల్లమీద దొర్లింది. పట్టకారుతో తీయాల్సినదాన్ని కంగారులో వేళ్ళతో తీసి మళ్ళీ బోర్లించాను. ఆశ్చర్యం! ఇందాక మజ్జిగలా ఉన్నది ఇప్పుడు నిమ్మపండులా ఉంది. అనుమానం రావాల్సిన చోట నాకు ఆనందం వచ్చింది. కొండమీది అమ్మవారి దయ అనుకున్నాను. (అమ్మవారిని నా పొరపాట్లకి పూచీ పెట్టడం అప్పట్లో నాకు అలవాటు.) పక్కనే ఉన్న భూతద్దం వైపు కన్నెత్తయినా చూడలేదు.

మా వైపు రవ్వల్ని చూసిన రోజే కొనరు. వారం రోజులు దేవుడి దగ్గర పెట్టుకుంటారు. ఆ వారంలో ఇంట్లో మంచి జరిగితే ఉంచుకుంటారు, చెడు జరిగితే తిప్పి పంపుతారు. పిన్నిగారు ఆ రెంటినీ కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళింది.

వారం తిరక్కుండానే, గురువారం పొద్దున్నే వచ్చి మేడమెట్ల మీద కూలబడింది. మంచినీళ్ళు ఇచ్చినా పుచ్చుకోలేదు.

"అమ్మాయ్, నీ రాయి మా ఇంట్లో తెల్లబడిపోయిందే."

"తెల్లబడ్డమేంటి పిన్నిగారూ?"

"మంగళవారం రెండూ కుంకుడు రసంలో కడిగి దేవుడి దగ్గర పెట్టా. ఒకటి బానే ఉంది. ఇంకోదానికి రంగే లేదు. బుధవారం ఆయాసమంటే మా ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తే గుండెకి ఆపరేషన్ తప్పదన్నారు. జతలో ఒకటి పోయిందంటే నాకర్థం కాదా? కత్తి పెడితే ఆయన దక్కరనేగా! ఆపరేషన్ వద్దని చెప్పేసి ఇంటికి తీసుకొచ్చేశా."

కుంకుడు రసం అనగానే నా వేళ్ళకేసి చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో పసుపు ఇంకా వదల్లేదు. రవ్వకి నూనె జిడ్డంటే మహా ఇష్టమని, ఇట్టే పట్టుకుంటుందని పెదనాన్న ఎన్నిసార్లు చెప్పాడో! నేను నోరు మూసుకుంటే చాలు. అచ్చిరాలేదని రాళ్ళు ఇచ్చేసి ఆవిడే వెళ్ళిపోతుంది. పెదనాన్న మాట నిలుస్తుంది, బల్ల దగ్గర నా చోటు నిలుస్తుంది. పామర్రులో ఆయన మాత్రం ఆపరేషన్ లేకుండా మంచంమీద ఉంటాడు. ఇంత ఘోరం నా చేతుల్లో పుట్టిందా అని దిమ్మెరపోయాను. ఆ క్షణంలో దేవుడికి ఏమని మొక్కానో గుర్తులేదు, మొక్కడం మాత్రం గుర్తుంది.

ఆవిడ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాను. వంటింట్లోంచి పసుపూ నూనె తెచ్చి, వేలికి రాసుకుని, ఆ తెల్లబడ్డ రాయిని పట్టుకుని బోర్లించాను. మళ్ళీ నిమ్మపండు. సబ్బునీళ్ళలో కడిగాను. మళ్ళీ మజ్జిగ. "రాయి ఏమీ చెప్పలేదు పిన్నిగారూ. తప్పు చెప్పింది నేను" అన్నాను.

ఆవిడ రాయికేసి, నాకేసి, మళ్ళీ రాయికేసి చూసింది. "గడపకి రాసే పసుపు నా దుద్దులకి రాశావటే! నిన్నట్నించి నా పసుపుకుంకాల కోసం నేను గుండెలు బాదుకుంటుంటే!" అని ఏడ్చింది, అందులోనే నవ్వింది, నవ్వుతూనే నా వీపుమీద ఒక్కటిచ్చింది. "ఫోన్ ఎక్కడుంది? డాక్టరుకి చెప్పాలి, చేసేయమని చెప్పాలి" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివర ఫోన్‌ బూత్‌కి పరిగెత్తింది. వెనకాలే ఆవిడ చెప్పులు పట్టుకుని నేను.

సూరత్ నుంచి వచ్చిన పెదనాన్నకి అన్నీ చెప్పాను. "ఇదే పని బజార్లో కొందరు కావాలని చేస్తారు, రాయి అసలు రంగు కప్పడానికి సిరా పూసి. నువ్వు భక్తితో చేశావ్" అన్నాడు. తిట్టాడో ఓదార్చాడో ఇప్పటికీ తేలలేదు. మర్నాడు మాత్రం బల్ల దగ్గర నా కుర్చీ ఎప్పటిలాగే వేసి ఉంది. ఆ కుర్చీ చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

నాలుగు నెలల తర్వాత పిన్నిగారు వచ్చింది, ఈసారి ఆయనతో. ఆయన మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కి, కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. పెదనాన్న కుదిర్చిన అసలైన జతని కాగితంలో చూపించాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సెనగబద్దల మాట వినేనా నువ్వు నా ఆపరేషన్ మానిపించబోయావ్?" అన్నాడు.

"మీరు మాట్లాడకండి. మంచిరోజు పూటా ఏం మాటలవి!" అంది ఆవిడ, కళ్ళొత్తుకుంటూ.

తిరిగి ఆయన మెట్లు దిగుతుంటే, ఒక్కో మెట్టుమీదా కాలు ఆనేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చేతిలో పట్టకారు అలాగే ఉంది, రాళ్ళ ఊసే లేదు, చూపంతా ఆయన ముఖంలో నెత్తురు రంగు ఉందా లేదా అని. అలా గుడ్లప్పగించి నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడెవరైనా దాన్ని దగ్గరికి తీసుకుని "పోన్లేవే, ఆయన బానే ఉన్నాడుగా" అనుంటే బాగుండేది అనిపిస్తుంది కూడా.